ఆసుపత్రికి చోటు లేదంట!

ఊరికి ఆసుపత్రి మంజూరయిందన్న కబురు రాగానే పంచాయతీ ఆఫీసులో మొదట వినబడే మాట "స్థలమేదీ?" అని. ఆ వెంటనే రెండో మాట వస్తుంది: "పల్లె పక్కన ఖాళీగా పడుందిగా, అక్కడ కొలతలెయ్యండి." ఈ రెండు మాటల మధ్య నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషంలోనే మన నేల చేతులు మారిపోతుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లు ఎక్కువ భాగం కృష్ణా కాలువల కింద ఊళ్లు. సెంటు భూమి కోసం సొంత అన్నదమ్ములే కోర్టుకెక్కే డెల్టా ఇది. ఇక్కడ గట్టు మీద గడ్డికి కూడా హక్కుదారుడుంటాడు. ఇలాంటి చోట ఖాళీ స్థలం ఎక్కడిది? ఆ ఖాళీ మాలపల్లె పక్కనా మాదిగపల్లె పక్కనా మాత్రమే ఎందుకు కనబడుతుంది? చెరువుగట్టు పక్కన నాలుగు పక్కలా కంచె వేసుకుని కొబ్బరిచెట్లు పెంచిన పోరంబోకు సర్వేయరు కంటికి ఎందుకు ఆనదు? ఈ ప్రశ్న మేం అడుగుతున్నాం. మీరూ అడగాలి.

ముందు ఒక మాట తేల్చి చెబుతున్నాం. ఆసుపత్రి కావాలి. పల్లెకి అందరికంటే ఎక్కువ కావాలి. నారుమళ్లో పాము కరిచేది కూలి మనిషిని. ముక్కుకి గుడ్డ కూడా లేకుండా చేనుకి మందు కొట్టేది కూలి మనిషి. తొమ్మిదో నెల దాకా నాట్లు వేసి, రక్తం లేక కాన్పులో కళ్లు తేలేసేది మన ఆడబిడ్డ. బీపీ, షుగరు ఇప్పుడు పెద్దింటి రోగాలు కావు. గంజి తాగే ఇంట్లోనూ ఉన్నాయి. ఆ బిళ్ల కోసం తెనాలి పెద్దాసుపత్రికో, బాపట్లకో, రేపల్లెకో పోవాలంటే ఆటో కిరాయి ఒక ఖర్చు, ఆ రోజు పోయే కూలి ఇంకో ఖర్చు. అందుకే జనం పోరు. ముదిరాక పోతారు. ముదిరాక పోయేది ప్రైవేటు నర్సింగ్ హోముకే. అక్కడ బిల్లు కట్టడానికి చేతులు చాచేది మళ్లీ రైతు దగ్గరే. అప్పు పుట్టేది ఆ ఎకరమో అరెకరమో డి-ఫారం పట్టా భూమి మీదే. కాగితం రైతు పెట్టెలోకి పోతుంది. భూమి రైతు దున్నకంలోకి పోతుంది. పట్టాదారు తన చేలోనే కూలికి దిగుతాడు.

రోగమొచ్చి పోయే భూమి ఒకటి. ఇప్పుడు ఆసుపత్రి వచ్చి పోయే భూమి ఇంకొకటి. రెండు వైపులా పోయేది మనదే అయితే, ఈ వైద్యం ఎవరి కోసం?

లెక్కలు చూద్దాం. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకి ఒక సబ్‌సెంటర్, 30,000 జనాభాకి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలనేది దేశంలో ఏనాటి నుంచో ఉన్న ప్రమాణం. జనం ఇంటి దగ్గరికి వైద్యం రావాలని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది. 1978లో ఆల్మా ఆటా సభలో ప్రపంచ దేశాలు అదే మాట ఒప్పుకున్నాయి. మన రాష్ట్రంలో 2020 తర్వాత దాదాపు 2,500 జనాభాకి ఒకటి చొప్పున 10,032 విలేజ్ క్లినిక్కులు పెడతామని అప్పటి ప్రభుత్వం లెక్క చెప్పింది. ప్రభుత్వాలు మారాయి, బోర్డులు మారాయి, గోడల రంగులు మారాయి. గోడ లేచినా తలుపు పడని భవనాలు ఇంకా ఉన్నాయి. అసలు పునాదే పడని చోట వినబడే జవాబు ఒకటే: స్థలం లేదు.

నిజంగా లేదా? ఊరి భూమి చరిత్ర ఒకసారి విప్పి చూద్దాం.

ప్రతి ఊళ్లో రెండు రకాల భూములున్నాయి. రాతలో ఉన్న భూమి, వాడుకలో ఉన్న భూమి. రాత కరణం చేతిలో ఉండేది. వాడుక మన కాళ్లకింద ఉండేది. వెట్టి చేసినందుకు వెట్టి మాన్యం, నీళ్లు కట్టినందుకు నీరుగంటి మాన్యం, కావలి కాసినందుకు తలారి మాన్యం మన తాతలు అనుభవించారు. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. సాగులో ఉన్నవాడికి పట్టా రావాలి. చాలా ఊళ్లలో పట్టా వచ్చేనాటికే ఆ మాన్యం వడ్డీ కిందో, కట్టడి గింజల బాకీ కిందో పెద్దరైతు దున్నకంలో ఉంది. చదువురాని వాడి భూమికి చదువొచ్చిన వాడు సాక్షి సంతకం పెట్టాడు. 1984లో కరణాలు, మునసబులు పోయారు. వాళ్ల రాతలు పోలేదు. ఇవాళ్టికీ తహసీల్దారు ఆఫీసులో తీసి చూపించేది ఆ రాతల మీద రాసిన రాతలే.

ఇక రాతలోకి ఎప్పుడూ ఎక్కనివి కొన్నున్నాయి. మన వాళ్లను పూడ్చిపెట్టుకునే దిబ్బ. కాలువ రేవుకి పోయే బాట. మినుములు, కంది ఆరబోసుకునే చదును. పెళ్లికి పందిరి వేసుకునే చోటు. పిల్లలు కబాడీ ఆడే చోటు. తరతరాలుగా పల్లె వాడుకలో ఉన్న నేల ఇది. అడంగల్‌లో దీని ఎదురుగా ఒక్కటే మాట ఉంటుంది: పోరంబోకు. ఆ మాట చూసి ఆఫీసరు "ఖాళీ" అంటాడు. తాతల ఎముకలున్న చోటు ఖాళీ ఎట్లా అవుతుందండీ?

డి-ఫారం పట్టా భూమి సంగతి ఇంకో రకం. "ప్రభుత్వం ఇచ్చింది, ప్రభుత్వం తీసుకుంటుంది, నీకు నష్టపరిహారం ఎందుకు?" అని దబాయిస్తారు. ఈ దబాయింపు చెల్లదు. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రజా ప్రయోజనానికి ఎసైన్డ్ భూమి తీసుకుంటే, సొంత పట్టా రైతుకి ఎంత ఇస్తారో ఎసైనీకీ అంతే ఇవ్వాలంది. పరిహారం లేకుండా వెనక్కి తీసుకోవచ్చని పట్టా కాగితంలో రాసుకున్న షరతు చెల్లదంది. 2013 భూసేకరణ చట్టం ఇంకా ముందుకెళ్లింది. ప్రభుత్వం ఎసైన్ చేసిన భూమి పోయిన కుటుంబాన్ని బాధిత కుటుంబాల లెక్కలో చేర్చింది. ఆ భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న కౌలుదారుని, కూలీని కూడా చేర్చింది. 2018లో మన రాష్ట్రం చేసుకున్న సవరణతో కొన్ని రకాల పనులకి సామాజిక ప్రభావ అంచనా లేకుండానే భూమి తీసుకునే వీలు వచ్చింది. అంటే వాళ్లంతట వాళ్లు వచ్చి మనల్ని అడుగుతారన్న ఆశ ఇంకా తగ్గింది. మనమే లేచి అడగాలి.

మరి ఆసుపత్రికి చోటు ఎక్కడ? చెబుతాం.

ప్రతి ఊళ్లో బందెలదొడ్డి ఉండేది. ఇప్పుడు దొడ్డి లేదు, బందె పశువులూ లేవు. ఆ స్థలం ఏమయింది? మంద నిలిచే బయలు ఉండేది. ఊరుమ్మడి కళ్లం ఉండేది. బండి డొంక రెండు బండ్లు ఎదురెదురు పోయేంత వెడల్పు ఉండేది. ఇప్పుడు మోటారు సైకిలు కూడా ఒరుసుకుంటూ పోతోంది. మిగిలిన వెడల్పు ఎవరి చేలో కలిసింది? 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ చదవండి. పచ్చిక బయళ్లు, కళ్లాలు, శ్మశానాలు, మంద బయళ్లు, బండి దారులు, తోపులు, ప్రభుత్వానికి ప్రత్యేకమైన అవసరం లేనంతవరకు, గ్రామ పంచాయతీకి దఖలు పడతాయని అందులో ఉంది. ఆక్రమించిన వాడికి నోటీసిచ్చి ఖాళీ చేయించే అధికారం 1905 నాటి ఆక్రమణల చట్టం నుంచీ రెవెన్యూ వాళ్ల చేతిలో ఉంది. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ కత్తి ఒరలోంచి బయటికొచ్చేది గుడిసె మీదికే. మేడ ముందు మళ్లీ ఒరలోకి పోతుంది.

2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఎంత ఖర్చుపెట్టి కట్టుకున్నా, ఎన్నేళ్ల నుంచి ఉంటున్నా, ఎంత పలుకుబడి ఉన్నా ఆ ఆక్రమణను క్రమబద్ధం చేయగూడదంది. అదే తీర్పులో మినహాయింపులు కూడా చెప్పింది. భూమిలేని కూలీలకి, ఎస్సీ ఎస్టీలకి ప్రభుత్వం ఇచ్చిన చోటు. బడి, దవాఖానా వంటి ప్రజోపయోగం అప్పటికే ఉన్న చోటు. చూశారా, పేదవాడి చేతిలో ఉన్న నేల, ఊరి ఆసుపత్రి ఉన్న నేల ఒకే పక్కన ఉన్నాయి. పెద్దమనిషి ఆక్రమణ అవతలి పక్కన ఉంది. మన ఊళ్లలో మాత్రం పేదవాడినీ ఆసుపత్రినీ ఎదురెదురు నిలబెట్టి, పెద్దమనిషిని మధ్యవర్తిగా కూచోబెడుతున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆక్రమణలు తియ్యండి అని మనం అరవగానే కాలువకట్ట మీద యానాదుల గుడిసెల మీదికి ప్రొక్లెయినర్ తోలుకొచ్చే ఆఫీసర్లున్నారు. తలదాచుకునే గుడిసె ఒకటి, తోట పెంచి ఫలసాయం తినే ఎకరాలు ఒకటి. రెంటినీ ఒకే మాటతో పిలవనివ్వకండి. యానాదులకి, ఎరుకలకి వేరే చోటు చూపించకుండా ఒక్క తాటాకు కూడా కదపనివ్వకూడదు.

ఊరి భవనాలకి స్థలం కావాల్సినప్పుడు ప్రభుత్వం ఏంచేసిందో మొన్న చూశాం. గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాల వంటివి సర్కారు బడుల ఆవరణల్లో లేపారు. ఆ బడుల్లో చదివేది ఎవరు? కూలోళ్ల పిల్లలు. ఆ పనులు ఆపమని, తీసెయ్యమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ మాట వినలేదని 2022 మార్చి 31న ఎనిమిదిమంది ఐఏఎస్ అధికారులకి కోర్టు ధిక్కారం కింద శిక్ష వేసింది. క్షమాపణ చెప్పాక దాన్ని సంక్షేమ హాస్టళ్లలో సేవగా మార్చింది. అధికారులు కోర్టు ముందు తలదించుకోవడానికైనా సిద్ధపడ్డారు గానీ, ఆక్రమణలో ఉన్న కళ్లం సెంటు కదిలించడానికి సిద్ధపడలేదు. స్థలం కొరత ఎక్కడుందో దీన్నిబట్టి తెలుసుకోండి. ఉపకేంద్రానికి కావాల్సింది ఎకరాలు కాదు, సెంట్లు. కొరత సెంట్లది కాదు, ధైర్యానిది.

ఇక ఆసుపత్రి ఎక్కడ కట్టాలన్నది రెండో సంగతి. భూమి ఎవరిదన్నది ఎంత ముఖ్యమో, చోటు ఎక్కడన్నది అంతే ముఖ్యం. రామాలయం పక్కన, పెద్దల అరుగుల మధ్య కడితే మన ఆడమనిషి నొప్పులొచ్చిన రాత్రి ఏ వీధిలోంచి నడవాలి? మామూలు రోజుల్లో ఫర్వాలేదనుకుందాం. ఊరు కక్షకట్టిన రోజున?

ఈ మాట ఊహించి రాయడం లేదు. కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగాదా 1985 జూలై 17న ఆరుగురి ప్రాణాలు తీసింది. ఉమ్మడి వాడుక నేల మీద, నీళ్ల మీద మన హక్కు గట్టిగా చెప్పినందుకు కట్టిన ధర అది. బతికినవాళ్లు ఊరొదిలి చీరాల చేరారు. తెనాలి పక్కన చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపారు. అంతకుముందే పల్లెని ఊరు వెలేసింది. పని లేదు, సరుకు లేదు. అలాంటి వెలిలో ఆసుపత్రి మెట్లు ఎక్కనిస్తారా? ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. న్యాయం కోర్టులో నిలవకపోయినా చుండూరు దళితులు ఒక పని చేసి చూపించారు. తమ వాళ్లని ఊళ్లోనే పాతిపెట్టి ఆ నేలకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. ఊరి నేల మీద మాకూ వాటా ఉందని ఆ సమాధులు చెబుతున్నాయి. చచ్చినవాళ్లకి సాధించుకున్న చోటు బతికున్నవాళ్లకి వైద్యం కోసం అడగలేమా?

చట్టం కూడా మన పక్కనుంది. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన అట్రాసిటీ చట్టం ప్రకారం, ఉమ్మడి వనరుల్ని, శ్మశానాన్ని అందరితోపాటు వాడుకోనివ్వకపోవడం నేరం. ఆసుపత్రిలోకి, దవాఖానాలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రానివ్వకపోవడం నేరం. మన భూమి నుంచి మనల్ని అన్యాయంగా గెంటడం నేరం. ఈ మూడూ ఒకే సెక్షన్ కింద ఉన్నాయి.

లంక ఊళ్లకి ఇంకో చిక్కుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంకలు మునిగాయి. లంకలో మెరక ఎవరిది, పల్లం ఎవరిదని అడగక్కర్లేదు. నీళ్లు ముందు ఎవరి గడపలోకి వస్తాయో చూస్తే తెలుస్తుంది. చవగ్గా దొరికిందని పల్లంలో ఆసుపత్రి కడితే, జ్వరాలు, విరోచనాలు, పాముకాట్లు ముసిరే ఆ వారం రోజుల్లోనే అది మూతపడుతుంది. వరదలో కూడా నడిచి చేరగలిగిన మెరక మీద కట్టాలి. ఆ మెరక పెద్దరైతుదైతే చట్టప్రకారం ధర కట్టి తీసుకోండి. భూసేకరణ చట్టం పేదోడి భూమి కోసమే పుట్టలేదు.

"మేం దానమిస్తాం" అని వచ్చే పెద్దల సంగతి కూడా చెప్పాలి. ఇవ్వనివ్వండి, మంచిదే. అయితే నోటిమాట దానం వద్దు. రిజిస్టరు చేసిన దానపత్రం కావాలి. తిరిగి తీసుకునే షరతు అందులో ఉండకూడదు. మనవడి కాలంలో "మా తాత స్థలం" అని తాళమేసే దానం దానం కాదు. దాతగారి తండ్రి పేరు గోడకెక్కిందని నర్సమ్మ ఆయన ఇంటివాళ్లకి ముందు, మనకి తర్వాత చీటీ రాయగూడదు.

పల్లె పెద్దలతో ఒక మాట. రిజర్వేషన్లో మనవాడు సర్పంచ్ అయిన ఊళ్లలోనే మన శ్మశానం మీద తీర్మానాలు పాసవుతున్నాయంటే సిగ్గుచేటు. తీర్మానం పుస్తకం చదివించుకోకుండా సంతకం పెట్టకండి. ఆసుపత్రి మాలపల్లెకి దగ్గరా మాదిగపల్లెకి దగ్గరా అని కొట్టుకుంటే అది ఊరి నడిమధ్యకి పోతుంది. పోయాక రెండు పల్లెలకీ సమాన దూరమే! రెండు పల్లెలూ, యానాది సంఘమూ కలిసి కూచుని ఒక్క చోటు తేల్చుకుని ఒక్క నోటితో అడగండి.

ప్రతి ఊళ్లో సంఘం చెయ్యాల్సిన పనులివి.

ఒకటి. గ్రామ పటం, ఆర్‌ఎస్‌ఆర్, అడంగల్ నకళ్లు తెప్పించండి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తుకి గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పోరంబోకు సర్వే నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని దగ్గరికి నడిచి వెళ్లి ఇప్పుడక్కడ ఏముందో, ఎవరి కింద ఉందో రాయండి. చదువుకున్న మన పిల్లలకి ఇది రెండు రోజుల పని.

రెండు. పల్లె వాడుకలో ఉన్న శ్మశానం, బాట, రేవు, చదును కొలిపించి ఆ వాడుక పేరుతోనే రికార్డులో ఎక్కించమని అర్జీ పెట్టండి. అర్జీకి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాలికి చెప్పిన మాట.

మూడు. గ్రామసభకి పదిమంది కాదు, పల్లె మొత్తం కదలండి. ఆడవాళ్లు ముందు కూచోవాలి. ఆక్రమణలో ఉన్న ఫలానా సర్వే నంబరు ఖాళీ చేయించి ఆసుపత్రికి ఇవ్వాలని నంబరుతో సహా తీర్మానం రాయించండి. నంబరు లేని తీర్మానం ఎటైనా తిరుగుతుంది.

నాలుగు. ఎసైన్డ్ భూమి తప్ప వేరే దారి లేదని ఆఫీసర్లంటే, మిగతా నంబర్లు ఎందుకు పనికిరావో ఒక్కోదానికీ రాతపూర్వకంగా జవాబడగండి. అప్పటికీ తప్పకపోతే ముందు నోటీసు, పట్టా రైతుతో సమానమైన పరిహారం, దానితోపాటు బదులు భూమి అడగండి. డబ్బు చేతిలో పడకుండా గడ్డపార పడనివ్వకండి. తెల్లకాగితం మీద వేలిముద్ర వెయ్యకండి.

అయిదు. చెరువు పూడ్చి కట్టే ఆసుపత్రిని, బడి ఆవరణలో కట్టే ఆసుపత్రిని ఒప్పుకోవద్దు. ఒక హక్కుని పూడ్చి ఇంకో హక్కు కట్టుకోలేం.

ఆఫీసర్లకీ చెబుతున్నాం. మేం అభివృద్ధికి అడ్డం రావడం లేదు. ఆసుపత్రికి దారి చూపిస్తున్నాం. సర్వే నంబర్లు మేమే రాసిస్తాం, గొలుసు మేమే పట్టుకుంటాం. మీరు చెయ్యాల్సింది పెద్దింటి కంచె ముందు ఆగకుండా నాలుగడుగులు లోపలికి వెయ్యడమే. మందుబిళ్ల పేరు చెప్పి మా శ్మశానం అడిగితే ఇవ్వం. వైద్యం పేరు చెప్పి మా అరెకరం గుంజుకుంటే ఊరుకోం.

వచ్చే ఏప్రిల్ 14న బాబాసాహెబ్ బొమ్మకి దండ వేసిన చేతుల్తోనే గ్రామసభలో ఆ నంబర్ల కాగితం పెట్టండి. దండ మధ్యాహ్నానికి వాడిపోతుంది. కాగితం మీద నంబరు, దాని కింద పల్లె మొత్తం సంతకాలు నిలబడతాయి.

జై భీమ్!